నవ్వు నాలుగు విధాల చేటు: ‘క్యారీ’ చిత్రంపై ప్రసంగ పాఠం

సభకు నమస్కారం.

సినిమా అయిపోయి పది నిమిషాలైనా కాలేదు. చివరి దృశ్యంలో వెనుక వరుసల నుంచి వినిపించిన కేక ఇంకా నా చెవిలో ఉంది. సుమారు యాభై ఏళ్ల కిందటి బొమ్మ, పైగా మీలో సగం మంది ఇదివరకే చూసినది, అయినా అదే చోట అదే కేక పుట్టించగలిగింది. ఆ కేక సంగతికి చివర్లో వస్తాను. అంతకుముందు మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలి. క్యారీ బడిలో అందరూ ఏడిపించే పిల్ల, ముట్టుకోకుండానే వస్తువులను కదిలించే శక్తి ఉన్న పిల్ల. బడి వీడ్కోలు నృత్యం రాత్రి వేదిక మీద నిలబడిన ఆమె నెత్తిన పంది నెత్తురు పడిన తరువాత ఆ హాల్లో ఉన్నవాళ్లలో నిజంగా నవ్వినవారు ఎంతమంది? చాలామంది ‘అందరూ’ అంటారు. నేను కూడా మొదటిసారి చూసినప్పుడు అలాగే అనుకున్నాను. రెండోసారి, మూడోసారి చూసిన తరువాతే ఆ జవాబు తప్పని తెలిసింది. ఈ చిత్రం గురించి నాకు చెప్పాలనిపించినదంతా ఆ పొరపాటులోనే ఉంది.

ముందు కథ పుట్టుక. 1970ల మొదట్లో స్టీఫెన్ కింగ్ అమెరికాలో ఈశాన్య మూలన ఉన్న మెయిన్ రాష్ట్రంలో ఒక బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ, భార్యా ఇద్దరు పిల్లలతో ట్రైలర్ ఇంట్లో కాపురముంటున్నాడు. క్యారీ కథ మూడు పేజీలు టైపు చేసి, ఆడపిల్లల ప్రపంచం తనకు తెలియదని విసుగెత్తి, ఉండచుట్టి చెత్తబుట్టలో పడేశాడు. ఆయన భార్య తాబిత ఆ కాగితాలు ఏరి, సిగరెట్ బూడిద దులిపి, చదివి, మిగతా కథ తనకు కావాలని అడిగింది. 1974 ఏప్రిల్‌లో నవల అచ్చయింది. దానికి వచ్చిన అడ్వాన్సు 2,500 డాలర్లు. పేపర్‌బ్యాక్ హక్కులు మాత్రం 4,00,000 డాలర్లకు అమ్ముడుపోయాయి, అందులో సగం రచయితది. పుస్తకం అంగీకరించామన్న కబురు టెలిగ్రాములో రావలసి వచ్చింది, ఎందుకంటే డబ్బు లేక ఇంట్లో ఫోను తీయించేసుకున్నారు.

ఈ అదృష్టం కథ అందరూ చెప్పేదే. నాకు అంతకంటే ముఖ్యమనిపించే సంగతి ఒకటి ఆయన తన రచనాజీవితం గురించి రాసుకున్న పుస్తకంలో ఉంది. క్యారీ పాత్రకు ఆయన చదువుకున్న రోజుల్లో చూసిన ఇద్దరు అమ్మాయిలు ఆధారం. ఒకరి ఇంట్లో గోడకు భయం పుట్టించేంత పెద్ద శిలువ వేలాడేది. రెండో అమ్మాయి రోజూ అవే బట్టలు వేసుకుని బడికి వచ్చేది, దాని మీద తోటివాళ్లు ఏడిపించేవారు. ఒకసారి సెలవుల తరువాత ఆమె కొత్త బట్టలు వేసుకుని, జుట్టు దిద్దుకుని, మొహం వెలిగిపోతూ వచ్చింది. ఆ రోజు ఎగతాళి తగ్గలేదు సరికదా, రెట్టింపైంది. ఆమెకు ఒక స్థానం నిర్ణయమైపోయింది. ఆ స్థానం నుంచి కదలాలని చూడటమే ఆమె చేసిన నేరం. గులాబీరంగు గౌను కుట్టుకుని వీడ్కోలు నృత్యానికి వెళ్లిన క్యారీ కథ ఇదే కదా. మన భాషలో ఇలాంటి హింసకు ‘ఏడిపించడం’ అన్న మాట వాడుకలో ఉంది. ఎంత మామూలుగా వాడేస్తామంటే, ఆ మాటలోనే ఏడుపు ఉందన్న స్పృహ ఎవరికీ ఉండదు.

ఈ నవలను 1976లో బ్రయన్ డి పాల్మా తెరకెక్కించాడు. స్క్రీన్‌ప్లే లారెన్స్ డి. కోహెన్‌ది. సుమారు 18 లక్షల డాలర్ల ఖర్చుతో తీసిన చిన్న సినిమా, అమెరికాలోనే 3 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. సిసీ స్పేసెక్‌కు ఆ పాత్ర తేలికగా దొరకలేదు. ఆమె భర్త జాక్ ఫిస్క్ ఈ చిత్రానికి కళా దర్శకుడు. అంతకుముందు అదే దర్శకుడి మరో సినిమాకు సెట్ల అలంకరణలో ఆమె భర్తకు సాయపడింది కూడా. అయినా దర్శకుడి మనసులో వేరే నటి ఉంది. స్క్రీన్ టెస్టు రోజున తనకొక వ్యాపార ప్రకటన షూటింగ్ ఉందని చెబితే, అక్కడికే వెళ్లమన్నాడట. ఆ మాటకు రోషం వచ్చి, జుట్టుకు వాజలీన్ పట్టించుకుని, మొహం కడుక్కోకుండా, చిన్నప్పుడు వాళ్లమ్మ కుట్టిన పాత గౌను తొడుక్కుని వెళ్లి కూర్చుంది. నవలలోని క్యారీ లావుగా, మొటిమలతో ఉంటుంది. స్పేసెక్ అలా ఉండదు. అప్పటికి ఆమె వయసు 26. కానీ ఎవరైనా చూస్తున్నారని తెలియగానే భుజాలు లోపలికి ముడుచుకుపోయే ఆ నడక ఉంది చూశారా, అది ఏ మేకప్‌కూ లొంగేది కాదు.

ఇక మొదటి పది నిమిషాలు. వాలీబాల్ ఆటలో బంతి వదిలేసిన క్యారీని జట్టంతా తిట్టిపోస్తుంది. తరువాత స్నానాల గది. పీనో డొనాజియో సంగీతం అక్కడ ప్రేమకథకు తగినంత మెత్తగా సాగుతుంది. దృశ్యం నెమ్మదిగా కదులుతుంది. ఆవిరిలో అమ్మాయిలు నవ్వుకుంటూ తిరుగుతుంటారు. చూసేవాడికి ఇది మరో రకం సినిమా కాబోలన్న భ్రమ కలుగుతుంది, ఆ చూపులో కొంత నీచత్వం కూడా ఉంది, దాన్ని దాచిపెట్టనక్కర్లేదు. సరిగ్గా ఆ మైమరపులో ఉన్నప్పుడే క్యారీ చేతికి నెత్తురు కనిపిస్తుంది. తనకు మొదటిసారి ముట్టు వచ్చిందని ఆమెకు తెలియదు. చచ్చిపోతున్నాననుకుని, తడి ఒంటితో, ఒకరొకరిని పట్టుకుని సాయం అడుగుతుంది. వాళ్లు మూలకు తోసి, ప్యాడ్లూ టాంపాన్లూ విసురుతూ వంతపాటలా కేకలు వేస్తారు. పైన బల్బు పగులుతుంది. మొదటిసారి చూసేవారిలో చాలామంది దాన్ని గమనించరు కూడా.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. మన ఇళ్లలో ఆడపిల్ల పెద్దమనిషైతే చాపమీద కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, పేరంటాళ్లను పిలిచి సమర్త వేడుక చేసేవారు. ఆ తరువాత ప్రతి నెలా అదే పిల్లను అంటరాదని మూలన కూర్చోబెట్టేవారు. ఆ ఊరేగింపూ ఆ వెలివేతా రెండూ పిల్లకు ఇబ్బందే. అయినా ఏం జరుగుతున్నదో చెప్పే మేనత్తో అమ్మమ్మో ఒకరు ఉండేవారు. క్యారీకి చెప్పేవాళ్లే లేరు. కూతురికి ఈ సంగతి తెలియకపోతే కూతురి ఒళ్లు దానంతటదే ఆగిపోతుందని నమ్మిన తల్లి ఆమెది.

ఆ తల్లి మార్గరెట్‌గా పైపర్ లారీ నటించింది. 1961 తరువాత పదిహేనేళ్ల పాటు వెండితెరకు దూరంగా ఉండి, ఈ పాత్రతో తిరిగి వచ్చింది. స్క్రిప్టు చదివినప్పుడు దీన్ని వ్యంగ్య హాస్యమనుకున్నానని ఆమె తరువాత చెప్పింది, ఆ అతి నటన ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట వింటే అర్థమవుతుంది. గుమ్మంలో నల్లటి దుస్తులతో, విరబోసిన ఎర్ర జుట్టుతో నిలబడితే నాటకాల్లో ఉగ్రపాత్ర ప్రవేశంలా ఉంటుంది. ఆమె కూతుర్ని పుస్తకంతో కొట్టి, చీకటి గూటిలోకి నెట్టి తలుపు వేస్తుంది. ఆ గూట్లో కళ్లు మెరుస్తూ కనిపించే బొమ్మ క్రీస్తుది అనుకుంటారు చాలామంది. ఒంటినిండా బాణాలు దిగిన సెయింట్ సెబాస్టియన్ అది. ఆ బాణాలను గుర్తుపెట్టుకోండి.

కానీ మార్గరెట్ ఆయుధాల్లో అన్నిటికంటే పదునైనది పుస్తకమూ కాదు, కత్తీ కాదు. నృత్యానికి బయలుదేరుతున్న కూతురితో ఆమె పదే పదే ఒక మాట అంటుంది: అందరూ నిన్ను చూసి నవ్వుతారు. ఎంత పరిచితమైన మాట! ‘నలుగురూ చూస్తే నవ్విపోతారు’ అని వినకుండా మనలో పెరిగినవారెవరు? దేవుడి పేరుతో మార్గరెట్ చెప్పినవన్నీ క్యారీ ఎదిరించగలిగింది. పాపం, నరకం, సైతాను, వీటికి ఆమె దగ్గర జవాబు ఉంది. ఈ ఒక్క మాటకు లేదు, ఎందుకంటే దీన్ని బడి కూడా రోజూ రుజువు చేస్తూనే ఉంది.

బడి అనగానే క్యారీ మీద కక్షగట్టిన తోటి విద్యార్థిని క్రిస్, ఆమె ప్రియుడు బిల్లీ లాంటి దుర్మార్గులే గుర్తుకొస్తారు. వాళ్ల గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు, వాళ్లు చేసేది చేస్తారు. బిల్లీ పాత్రలో అప్పటికింకా సినిమాల్లో పెద్దగా పేరు రాని జాన్ ట్రవోల్టాను చూసి మీలో కొందరు గుసగుసలాడటం విన్నాను. నన్ను కలవరపెట్టేది మంచివాళ్లు. ప్రిన్సిపాల్ చెడ్డవాడు కాదు. కాకపోతే ఎదురుగా కూర్చుని ఏడుస్తున్న పిల్లను క్యాసీ అని పిలుస్తాడు, సరిదిద్దినా మళ్లీ క్యాసీ అంటాడు. చివరికి ఆమె కేక వేస్తే బల్ల మీది ఆష్‌ట్రే ఎగిరిపడుతుంది. తరగతిలో తోటి విద్యార్థి టామీ పద్యం విని బాగుందని క్యారీ చిన్నగా అంటే, ఉపాధ్యాయుడే ఆమెను వెక్కిరించి పిల్లల్ని నవ్విస్తాడు. వ్యాయామ ఉపాధ్యాయిని మిస్ కాలిన్స్ ఆమెకు నిజమైన అండ. ఆమె కూడా స్నానాల గదిలో మొదట క్యారీని చెంపదెబ్బ కొడుతుంది. ఆ తరువాత ప్రిన్సిపాల్‌తో, ఆ అమ్మాయిలకు ఎలా అనిపించిందో తనకు తెలుసునని, ఆ పిల్లను పట్టుకుని కుదిపేయాలని తనకూ అనిపించిందని ఒప్పుకుంటుంది. బెట్టీ బక్లీ ఆ వాక్యాన్ని సిగ్గుతో, గొంతు తగ్గించి పలుకుతుంది. ఏడిపించేవాళ్లకూ ఆదుకునేవాళ్లకూ మధ్య అడ్డుగోడ లేదని ఇంత చిన్న వాక్యంలో ఒప్పించిన చిత్రం నాకు మరొకటి గుర్తులేదు.

తోటి విద్యార్థిని స్యూ కథ ఇంకా చిక్కు. ప్యాడ్లు విసిరినవాళ్లలో ఆమె కూడా ఉంది. ఆ తప్పు దిద్దుకోవాలని తన ప్రియుడు టామీని క్యారీతో నృత్యానికి పంపుతుంది. తీరా ఆ రాత్రి దొంగచాటుగా వచ్చి తొంగిచూస్తే, వేదిక వెనుక తాడు కదలడం కనిపిస్తుంది. తాడు వెంట చూపు నడిపి క్రిస్, బిల్లీల కుట్ర అంతా గ్రహించి పరుగెత్తబోతుంటే మిస్ కాలిన్స్ అడ్డుపడుతుంది. ఈ అమ్మాయి క్యారీ ఆనందం చెడగొట్టడానికే వచ్చిందనుకుని, చేయి పట్టుకుని బయటికి నెట్టి తలుపు వేస్తుంది. క్యారీ మీద నిజమైన ప్రేమ ఉన్న ఇద్దరు ఆ హాల్లో ఎదురుపడి, ఒకరు మరొకరిని అడ్డుకోవడం వల్లే పంది నెత్తురు బకెట్ ఒలికింది.

ఆ బకెట్ విషయంలో దర్శకుడు మన నుంచి ఏదీ దాచలేదు. నృత్య రాణి ఎన్నిక చీట్లు పోగుచేస్తున్న అమ్మాయి వెంట బయలుదేరిన కెమెరా వేదిక పక్కకు, మెట్ల కింద నక్కిన క్రిస్, బిల్లీల దగ్గరకు వచ్చి, అక్కడి నుంచి తాడు వెంబడి పైకెక్కి, దూలం మీద నిలబెట్టిన బకెట్ చేరుకుని, ఆ ఎత్తు నుంచి కిందనున్న క్యారీని చూపిస్తుంది. ఇక ఏం జరగబోతుందో మనకు తెలుసు, క్యారీకి తెలియదు. తన పేరు పిలవగానే ఆమె నడక, చప్పట్లు, కిరీటం, మొహంలో వెలుగు, వీటన్నిటినీ మందగతిలో, ఓపికకు పరీక్ష పెట్టేంత సేపు చూపిస్తాడు. తాడు మీద క్రిస్ చేతివేళ్లు, పెదవులు తడుపుకునే నాలుక. మనం ఆపాలనుకుంటాం. ఆపాలనుకుంటూనే ఆ బకెట్ ఎప్పుడు పడుతుందా అని కాచుకుని కూర్చుంటాం. ఆ మెట్ల కింద దాక్కున్నవాళ్లు కూడా సరిగ్గా అదే పని చేస్తున్నారు. టికెట్టు కొనుక్కుని వచ్చిన మనకూ వాళ్లకూ ఆ మూడు నిమిషాల్లో ఎంత దూరం ఉందో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

నెత్తురు పడుతుంది. మొక్కజొన్న సిరప్‌లో రంగు కలిపి చేసిన నెత్తురు అది. చిత్రీకరణలో కొనసాగింపు తప్పకూడదని స్పేసెక్ మూడు రోజులు ఆ బట్టలు విడవలేదట. బకెట్ ఊగుతున్న కిర్రుమనే చప్పుడు తప్ప ఏ ధ్వనీ ఉండదు. బకెట్ టామీ తల మీద పడి అతడు కూలిపోతాడు. ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. గుంపులో ముఖాలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి: నిర్ఘాంతపోయినవి, నోరు చేత్తో మూసుకున్నవి. మిస్ కాలిన్స్ కళ్లలో బాధ ఉంది. నవ్వు మొదలుపెట్టేది క్రిస్ స్నేహితురాలు నార్మా, ఆమె చుట్టూ ఉన్న కొందరు. ఆ తరువాత మనకు కనిపించేది హాలు కాదు, క్యారీ చూపు. తెర గాజుగొట్టంలో రంగుముక్కల్లా చీలిపోతుంది. ఒక్కో ముక్కలో నవ్వే ముఖం, అందులో మిస్ కాలిన్స్ ముఖం కూడా పగలబడి నవ్వుతూ ఉంటుంది. వెనుక నుంచి తల్లి గొంతు: అందరూ నిన్ను చూసి నవ్వుతారు. స్నానాల గది కేకలు, ప్రిన్సిపాల్ క్యాసీ అనడం, నన్ను నమ్ము అన్న టీచరమ్మ మాట, అన్నీ ఒకదాని మీద ఒకటి దొర్లుతాయి.

నవలలో ఇది వేరు. అక్కడ జనం నిజంగానే నవ్వుతారు. ప్రాణాలతో బయటపడిన నార్మా తరువాత రాసుకున్న కథనంలో, అప్పుడు నవ్వకపోతే ఏడవాలి, అన్నేళ్ల తరువాత క్యారీ కోసం ఏడవగలిగే మొహం ఎవరికుందన్న భావం వస్తుంది. అక్కడి ఉపాధ్యాయిని కూడా బతుకుతుంది. సినిమాలో మిస్ కాలిన్స్ బతకదు. బాస్కెట్‌బాల్ బోర్డు మీదపడి చనిపోతుంది. నవల్లో నవ్వు నేరం, దానికి శిక్ష పడింది. సినిమాలో నవ్వనివాళ్లకు కూడా అదే శిక్ష పడింది, ఎందుకంటే చిన్నప్పటి నుంచి నవ్వులపాలైన పిల్లకు జాలిపడే ముఖం, నవ్వే ముఖం వేరువేరుగా కనిపించే చూపు ఎప్పుడో పోయింది. ఆ రాత్రి ఆమె చేతిలో చచ్చినవారు ఆమె శత్రువులన్న తృప్తిని డి పాల్మా మనకు మిగల్చలేదు. ‘నవ్విన నాపచేనే పండుతుంది’ అన్న సామెత మీద ఆశ పెట్టుకుని ఈ సినిమా చూస్తే, కిరీటం పెట్టే క్షణం దాకా ఆ సామెత నడుస్తుంది, అక్కడ తెగిపోతుంది. ఆ పైన నడిచేది మరో సామెత. ఈ ప్రసంగానికి పెట్టుకున్న పేరు అదే. మన పౌరాణిక నాటకాల మయసభ రంగంలో ఒక్క నవ్వు చెవిన పడిన దుర్యోధనుడు ఎవరెవరిని యుద్ధంలోకి ఈడ్చాడో తెలిసిన ప్రేక్షకులకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

విధ్వంస ఘట్టం గురించి తక్కువే చెబుతాను. తలుపులు మూసుకోవడం, నీటి గొట్టం, మంటలు, తెరను రెండుగా చీల్చి ఒకవైపు క్యారీ కళ్లు, మరోవైపు వాటి ఫలితం చూపడం, ఇవన్నీ సినిమా పాఠశాలల్లో చెప్పేవే. ఆ చీలిక తెర మితిమీరిందని తరువాత దర్శకుడే ఒప్పుకున్నాడు, నాకూ అదే అభిప్రాయం. ఆ కళ్లు ఒక్కటే చాలు. నవల్లో ఊరు ఊరంతా తగలబడుతుంది; ఉన్న డబ్బులో అది కుదరక, సినిమా బడి హాలుకూ ఇంటికీ పరిమితమైంది. అది మేలే చేసింది.

ఇంటికి చేరిన క్యారీ నెత్తురు కడుక్కుని, చిన్నపిల్లలా తల్లి ఒడికి చేరి, నువ్వు చెప్పినట్టే అందరూ నవ్వారమ్మా అంటుంది. తల్లి దగ్గరకు తీసుకుని, ప్రార్థన చెబుతూ, వీపులో కత్తి దింపుతుంది. నవలలో క్యారీ తల్లి గుండెను ఆపేస్తుంది. సినిమాలో వంటింటి కత్తులు ఎగిరివచ్చి ఆమెను గుమ్మానికి గుచ్చేస్తాయి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న బాణాలు ఇవే. ప్రాణం పోతున్న మార్గరెట్ గొంతులో నొప్పికంటే తన్మయత్వమే ఎక్కువ వినిపిస్తుంది. తరువాత క్యారీ ఆ శవాన్ని ఈడ్చుకుని ఎక్కడికి పోయిందో చూశారుగా: తనను బంధించిన ఆ చీకటి గూటిలోకే. ఇంత జరిగిన తరువాత కూడా దాక్కోవడానికి ఆమెకు తెలిసిన చోటు అదొక్కటే.

స్పేసెక్, లారీ ఇద్దరికీ ఆ ఏడాది ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, భయానక చిత్రాలకు అరుదుగా దక్కే గౌరవం అది. అవార్డు ఇద్దరికీ రాలేదు. 1988లో దీన్ని సంగీత నాటకంగా బ్రాడ్‌వే ఎక్కిస్తే, ఆరంభమైన తరువాత అయిదు ప్రదర్శనలకే మూతపడింది. విచిత్రమేమంటే అందులో తల్లి వేషం వేసింది మన మిస్ కాలిన్స్, బెట్టీ బక్లీ. 2002లో టెలివిజన్ కోసం, 2013లో థియేటర్ల కోసం మళ్లీ తీశారు. 2022లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారం జాబితాలో పాత చిత్రానికే చోటు దక్కింది.

ఇక ఆ కేక. బతికి బయటపడింది స్యూ ఒక్కతే. తెల్లటి గౌనుతో, పూలు పట్టుకుని, క్యారీ ఇల్లు కూలిన ఖాళీ స్థలానికి వస్తుంది. ఆ నడకలో ఏదో తేడా ఉందని మీకు అనిపించే ఉంటుంది: స్యూగా నటించిన ఎమీ ఇర్వింగ్ చేత వెనక్కి నడిపించి, చిత్రాన్ని తిరగేసి వేశారు, దూరంగా రోడ్డు మీద ఒక కారు వెనక్కి పోతుండటం కూడా కనిపిస్తుంది. ఆమె వంగి పూలు పెడుతుంది, రాళ్ల మధ్య నుంచి నెత్తుటి చేయి వచ్చి మణికట్టు పట్టుకుంటుంది. మంచం మీద మేలుకుని అరుస్తున్న స్యూను తల్లి పొదివి పట్టుకుని సముదాయిస్తుంటుంది. ఆ తల్లిగా నటించిన ప్రిసిల్లా పాయింటర్ ఇర్వింగ్‌కు కన్నతల్లే. క్యారీకి ఒక్కసారైనా దొరకని కౌగిలి అది. స్యూ మాత్రం ఆ చేతుల్లో కూడా కేకలు ఆపదు. ఆ రాత్రి ఆమె నవ్వలేదు, నెత్తురు పడేసరికి హాల్లోనే లేదు; కానీ స్నానాల గదిలో నవ్వింది. నేలలోంచి వచ్చిన ఆ చేయి ఎవరిదైనా ఒకటే, డూప్‌ను పెడదామని చిత్రబృందం అనుకుంటే స్పేసెక్ ఒప్పుకోలేదు. తనను పెట్టెలో పెట్టి, పైన రాళ్లు కప్పించుకుని, భూమిలోంచి తన చేతినే పైకి చాచింది.